తోక కోసిన ట్యూబు

ఫ్రిజ్జు ఉన్న ఇంట్లో నడివేసవిలో వేడినీళ్ళు తాగే మనిషి ఉంటే, ఆ మనిషిని చూసి నవ్వే హక్కు గడప తొక్కిన ప్రతివాడికీ ఉంటుందనుకుంటారు. కామేశ్వరి దగ్గర ఆ హక్కుని అందరికంటే ఎక్కువ వాడుకున్నవాడు ఆవిడ మొగుడు గురునాథరావే.

తొంభై ఎనిమిదో సంవత్సరం, ఏప్రిల్ మొదటి ఆదివారం. విశాఖపట్నంలో ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. పోర్టు క్వార్టర్స్‌లో ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా వీపుకి అంటుకుపోతోంది. గురునాథరావుతో పాటు ఓడల్లోకి ఖనిజం ఎత్తే బెర్తులో లెక్కలు రాసే టాలీ క్లర్కుగా చేసే అర్జునరావు, ఆయన భార్య భ్రమరాంబ భోజనానికి వచ్చారు. భోజనాలయ్యాక కామేశ్వరి ఐసు ముక్కలు వేసిన నిమ్మరసం పళ్ళెంలో పెట్టుకొచ్చి అందరికీ ఇచ్చింది. తను మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి స్టీలు గ్లాసులోంచి గోరువెచ్చటి నీళ్ళు గుటక వేసింది.

"అదేంటి వదినా, మీరు తాగరా?" అంది భ్రమరాంబ.

కామేశ్వరి నోరు తెరిచేలోపల గురునాథరావు అందుకున్నాడు. "మా ఆవిడకి బాలింత పథ్యం అమ్మా. శ్రీవల్లి పుట్టి పద్దెనిమిదేళ్ళయింది, ఇంకా వేడినీళ్ళే!"

అర్జునరావుకి నవ్వొచ్చి నిమ్మరసం ముక్కులోకి పోయింది. భ్రమరాంబ కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కగదిలో పుస్తకం పట్టుకున్న శ్రీవల్లి కూడా నవ్వడం కామేశ్వరికి వినపడింది.

"పళ్ళు జివ్వుమంటాయి" అంది కామేశ్వరి, ఎవరితోనో కాదు, గ్లాసుతో చెప్పుకున్నట్టు.

"ఏం జివ్వు? మా అమ్మ బతికున్నన్నాళ్ళూ కచ్చికతో తోముకుంది. డెబ్భై ఏళ్ళకి చెరుకుగడ నమిలింది. అంతా మనసు బావా. మనసు గట్టిగా ఉంటే పళ్ళూ గట్టిగానే ఉంటాయి. ఇదిగో చూడు" అని గురునాథరావు గ్లాసులోంచి ఐసు ముక్క ఒకటి వేళ్ళతో తీసి, నోట్లో వేసుకుని, కరకరా నమిలాడు. ఆ చప్పుడుకి గుమ్మంలో ఉన్న కామేశ్వరి ఒళ్ళు జలదరించింది.

ఆవిడ కోరిక పెద్దది కాదు. నగ కాదు, చీర కాదు. ఫ్రిజ్జులోంచి తీయగానే ఒళ్ళంతా చెమట పట్టే ఆ నీళ్ళసీసా ఉందే, దాన్ని ఎత్తిపట్టుకుని గడగడా గొంతులో పోసుకోవాలి. ఒక్కసారి. ఫ్రిజ్జు వచ్చి రెండేళ్ళయింది. సీసాలు రోజూ నింపి లోపల పెట్టేది ఆవిడే, కానీ అందులో ఒక్క చుక్క ఆవిడ నోట్లోకి తిన్నగా వెళ్ళలేదు. చెంబులో వేడినీళ్ళు కాచి, సగం పంపునీళ్ళు కలిపి, చిటికెనవేలు ముంచి చూసుకుని తాగడమే.

ఫిబ్రవరిలో శ్రీవల్లి పట్టుబట్టి తల్లిని సీతమ్మధారలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు చిన్న గొట్టంతో పంటి మీద గాలి ఊదగానే కామేశ్వరి కుర్చీలోంచి లేచి నిలబడింది. చిగుళ్ళు జారి పంటి మొదళ్ళు బయటపడ్డాయనీ, వీటికి వేరే పేస్టు ఉంటుందనీ, మందులషాపులోనే దొరుకుతుందనీ చెప్పి చీటీ రాసిచ్చాడు. రోజుకి రెండుసార్లు తోముకుంటే నెల తిరక్కుండా మీకే తెలుస్తుందన్నాడు. గురునాథరావు చీటీ చదివాడు. మామూలు పేస్టుకి నాలుగింతలని ఎక్కడో విని ఉన్నాడు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని "చూద్దాంలే" అన్నాడు. ఆయన నోట చూద్దాంలే అన్న మాట వచ్చిందంటే ఇక దానికి నీళ్ళు వదులుకోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

సబ్బులు, పేస్టులు, కొబ్బరినూనె ఆ ఇంట్లో ఆయనే కొనాలి. ఉద్యోగుల సహకార స్టోరులో నెలకొకసారి, సంచీ ఆయన చేత్తోనే. కామేశ్వరి మళ్ళీ రెండుసార్లు అడిగింది. మొదటిసారి ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. రెండోసారి లవంగం కొరకమన్నాడు. మూడోసారి ఆవిడ అడగలేదు.

మర్నాడు సోమవారం. గురునాథరావు పొద్దున్న షిఫ్టుకి బయల్దేరుతూ, చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ, "పేస్టు సగానికొచ్చింది. తోక కోసి పెట్టు" అన్నాడు.

ఆ ఇంట్లో పేస్టు ట్యూబుకి ఒక పద్ధతుంది. అది గురునాథరావు కనిపెట్టిన పద్ధతి. లోకంలో జనం ట్యూబు అయిపోయాక కోసి గీక్కుంటారు. ఆయన అలా కాదు, సగానికి రాగానే బ్లేడుతో తోక కోయిస్తాడు. అక్కణ్ణుంచి మూతి వైపు చూడక్కర్లేదు. కోసిన చోట విప్పి, బ్రష్షు దూర్చి, పెసరగింజంత తీసుకుని, మళ్ళీ రెండు మడతలు మడిచి, ఆఫీసులో కాగితాలకి పెట్టే నల్ల క్లిప్పు బిగించాలి. మూతి నొక్కితే అవసరానికి మించి వస్తుందని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని బెర్తులో పదిమందికి బోధించాడు. అర్జునరావు ఇంట్లో కూడా ఇప్పుడు క్లిప్పుల ట్యూబులే.

కామేశ్వరి బ్లేడు కోసం వంటింటి సొరుగు వెతికింది. లేదు. కుట్టుమిషను పెట్టెలో ఉన్న పాత బ్లేడు తుప్పు పట్టింది. స్నానాలగది అద్దం పైన అరలో ఆయన గడ్డం గీసుకునే సామాన్ల పెట్టె ఉంది. రేకు పెట్టె. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని శాసనం. బ్లేడు కోసం ముట్టుకుంటే తప్పేముంది, ఆయన చెప్పిన పనికే కదా అనుకుని పీట వేసుకుని ఎక్కి దించింది.

మూత తీయగానే పైన గడ్డం బ్రష్షు, పటిక ముక్క, చిన్న కత్తెర ఉన్నాయి. బ్లేళ్ళ పొట్లం కోసం అడుక్కి చెయ్యి పెడితే చేతికి తగిలింది ట్యూబు. సగానికి తోక కోసి, రెండు మడతలు మడిచి, నల్ల క్లిప్పు పెట్టిన ట్యూబు.

పేరు చదివింది. ఆ పేరు ఆవిడకి బాగా గుర్తు. ఫిబ్రవరిలో మందులషాపు అద్దాల వెనకాల చూసి, ధర అడిగి, వట్టిచేతులతో తిరిగొచ్చిన పేరు అది. ట్యూబు కింద నాలుగు మడతల కాగితం. విప్పింది. డాక్టరు చీటీ. పైన తన పేరు, తన వయసు. వెనక మందులషాపు ముద్రలు రెండు, ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి.

కామేశ్వరి పీట మీద కూర్చుండిపోయింది. రెండు నెలలుగా ఆయన స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని పళ్ళు తోముకుంటున్నాడు. ఇంటిల్లిపాదీ పెరట్లో కుళాయి దగ్గర తోముకుంటే ఈయనకి ఈ సిగ్గేమిటో అనుకుంది కానీ అడగలేదు. అంటే ఆయన పళ్ళూ జివ్వుమన్నాయి. తనవి జివ్వుమంటే మనసు, ఆయనవి జివ్వుమంటే మందు. అదీ తన పేరు మీద రాసిన మందు. ఆ మందు నోట్లో పెట్టుకునే నిన్న పదిమందిలో ఐసు నమిలి చూపించాడు, బాలింత పథ్యమన్నాడు!

ఆవిడకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నలభై ఏళ్ళకి తెలిసింది. సాయంత్రం రాగానే ఈ ట్యూబు ఆయన మొహాన కొట్టాలనుకుంది. కొడితే ఏమవుతుంది? రెండు నిమిషాలు నీళ్ళు నములుతాడు. తర్వాత "సరేలే, రేపు నీకూ ఒకటి తెస్తాను, దీనికింత గొడవా" అంటాడు. రేపన్నది చూద్దాంలే అవుతుంది. మహా అయితే తెస్తాడు. రోజూ ఆ జివ్వుతో బతకడమంటే ఏమిటో మాత్రం ఆయనకి తెలియకుండానే పోతుంది. కామేశ్వరికి అది ఒప్పలేదు.

పెరటి గుమ్మం దగ్గర "సేపలమ్మా" అని కేక వినపడింది. జాలరిపేట నుంచి వారానికి మూడుసార్లు వచ్చే అప్పాయమ్మ తట్ట దించి మెట్టు మీద కూర్చుంది. నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, బయటికి తోక మాత్రం కనపడేలా పీల్చడం ఆవిడకి పదిహేనో ఏట నుంచి అలవాటు.

"ఏటమ్మా, మొకం అలగున్నాది?" అంది చుట్ట తీయకుండానే.

ఆ నిమిషంలో ఎవరడిగినా చెప్పేసేదే. కామేశ్వరి ట్యూబూ చీటీ రెండూ చూపించి మొత్తం చెప్పింది. అప్పాయమ్మ చుట్ట తీసి పక్కకి ఉమ్మింది.

"నాను సూడు, నిప్పు నోట్లో ఎట్టుకుంతాను. నాకేటీ అవదు. తట్టలో ఐసు నీళ్ళు పెదవికి తగిల్తే మాత్రం పేణం పోతాది. మా ముసిలోడు ఇరగబడి నవ్వుతాడు. సెప్పి సెప్పి ఇసుగొచ్చింది. నొప్పి సెవికి ఇనపడదమ్మా. ఎవుడి పంటికి ఆడికే తెలవాల."

"మరేం చెయ్యమంటావు?"

"నాకేటి తెల్సు? నెత్తళ్ళు తీసుకుంతావా, లేదా?" అంది అప్పాయమ్మ తట్ట మీద గోనె తీస్తూ.

కామేశ్వరి నెత్తళ్ళు తీసుకుంది. వాటిని తోమి, తలలు గిల్లి, ఉప్పూ పసుపూ పట్టించేసరికి ఆవిడ మనసులో పని కుదిరింది. చేతులు శుభ్రంగా కడుక్కుని ట్యూబు ముందు పెట్టుకుంది.

క్లిప్పు తీసింది. మడతలు విప్పింది. ఆయన పుణ్యమా అని తోక కోసే ఉంది, లేకపోతే ఈ పని దేవుడికి కూడా సాధ్యమయ్యేది కాదు. ఖాళీ ఇంగువ డబ్బా ఒకటి కడిగి తుడిచి, ట్యూబుని మూతి దగ్గర్నుంచి తోక వైపుకి అట్లకాడ వెనకతో నెట్టుకుంటూ వచ్చింది. తెల్లటి పేస్టు ముద్దగా డబ్బాలో పడింది. వేలికి అంటుకున్నది నాలిక మీద రాసుకుంది. ఘాటు లేదు, నురగ లేదు, సుద్ద తిన్నట్టు చప్పటి రుచి. ఇంట్లో పేస్టు నింపితే పుదీనా ఘాటుకి పట్టేస్తాడు. ఆలోచించి, రెండేళ్ళుగా తను తోముకుంటున్న పళ్ళపొడి డబ్బా తెచ్చింది. తెల్లటి పొడి. దాన్ని గిన్నెలో వేసి, చిటికెడు ఇంటి పేస్టు, రెండు చుక్కల గ్లిజరిన్, కాసిని నీళ్ళు పోసి, వడియాల పిండి కలిపినట్టు ఉండ కట్టకుండా కలిపింది. మొదట పల్చనయింది. ఇంకొంచెం పొడి వేసింది. గరిటె జారుగా వచ్చాక రుచి చూసింది. సుద్ద. సరిపోయింది.

శ్రీవల్లి గోరింటాకు కోన్లు చుట్టుకునే పాలిథిన్ కాగితంతో ఒక కోను చుట్టి, ముద్ద అందులోకి ఎక్కించి, ట్యూబు తోకలోంచి మూతి దాకా దూర్చి, గాలి లేకుండా నెమ్మదిగా నింపుకుంటూ వెనక్కి లాగింది. ముందున్నంత మందానికే నింపింది, ఒక వీసం ఎక్కువ కాదు. రెండు మడతలు. క్లిప్పు. పొట్లంలోంచి ఒక బ్లేడు తీసి ఇంటి ట్యూబు తోక కోసి, తుడిచి మళ్ళీ పొట్లంలో దూర్చింది. చీటీ నాలుగు మడతలు అడుగున. దాని మీద ట్యూబు, పైన పటిక, కత్తెర, బ్రష్షు. పెట్టె అద్దం మీదకి ఎక్కింది. ఇంగువ డబ్బా పోపులపెట్టె వెనక్కి వెళ్ళింది. అక్కడికి ఆ ఇంట్లో మగచెయ్యి ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

ఆ సాయంత్రం చెవుల్లో ఖనిజం దుమ్ముతో వచ్చిన గురునాథరావు ఇంటి ట్యూబు తోక చూసి "నీట్‌గా కోశావే" అని మెచ్చుకున్నాడు.

ఎంత కడిగినా ఆ డబ్బాకి ఇంగువ వాసన పోలేదు. పొద్దున్న అందరూ లేవకముందు, రాత్రి అందరూ పడుకోబోయేముందు కామేశ్వరి ఇంగువ కంపు పేస్టు పెసరగింజంత తీసుకుని పళ్ళ మొదళ్ళకి వేలితో రాసి, తర్వాత మెత్తటి బ్రష్షుతో తోముకునేది. ఉమ్మినప్పుడల్లా పొద్దుటి సాంబారు గుర్తొచ్చేది. అయినా ఒక్క పూట మానలేదు.

రెండు వారాలకి గురునాథరావు ముందుగా మజ్జిగ మానాడు. అప్పుడే ఫ్రిజ్జులోంచి తీసిన మజ్జిగ వడ్డిస్తే "కాసేపు ఉండనీ" అన్నాడు.

"వేడెక్కిపోతుందండీ" అంది కామేశ్వరి, ఎంతో శ్రద్ధగా.

అక్కణ్ణుంచి ఆవిడ వంట మారింది. పచ్చిమామిడికాయ పప్పు, మామిడికాయ ముక్కల పచ్చడి, చింతచిగురు నెత్తళ్ళు. భోజనమయ్యాక ఫ్రిజ్జులో పొద్దుటినుంచీ ఉన్న పుచ్చకాయ ముక్కలు. వేసవి కదా, ఒంటికి చలవ అంటూ కంచం పక్కన పెట్టేది. ఆయన తిరగ్గొట్టలేడు. తిరగ్గొట్టాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే ఆ మాట అనాలి. ఆ మాట అంటే పెట్టె తెరవాలి. కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడాడే తప్ప నోరు విప్పలేదు.

తినేటప్పుడు కామేశ్వరి ఎదురుగా కూర్చుని చూసేది. ముక్క నోట్లో పెట్టుకునేముందు నాలిక ముందుకి తెచ్చి పళ్ళకి అడ్డం పెట్టడం. కుడివైపే నమలడం. నమిలి మధ్యలో ఆగి, పెదాలు మూసి, ముక్కుతో గాలి పీల్చడం. కంట్లో నీరు తిరిగితే కారం అన్నట్టు చొక్కా చేతితో తుడుచుకోవడం. ఆ వేషాలన్నీ ఆవిడ సొంత సొమ్ము. ఏళ్ళ తరబడి తను వేసిన వేషాలు ఇప్పుడు ఆయన వేస్తుంటే చూడ్డానికి ఎంత బాగుందో! ఆవిడకి అన్నం కూడా ఎక్కువ తినబుద్ధయ్యేది.

గడ్డం పెట్టె దగ్గర ఆయన కాలక్షేపం పెరిగింది. గడియ వేసుకుని పావుగంట రాస్తున్నాడు. పెసరగింజ కాస్తా బఠాణీ అయిందని కామేశ్వరికి ట్యూబు చూస్తే తెలిసింది.

ఒకరోజు పొద్దుగూకే వేళ ఆయన పెరట్లో అరుగు మీద ఒంటరిగా కూర్చున్నాడు. గ్లాసులో టీ ఉంది. వేడి పోవాలని ఊదుతున్నాడు. చల్లారిపోయిందేమో మళ్ళీ అరచేత్తో పట్టుకుని చూస్తున్నాడు. చిటికెనవేలు గ్లాసులో ముంచాడు. అది చూసి కామేశ్వరికి జాలేసింది. ఎంతయినా కట్టుకున్నవాడు. వంటింట్లోకి వెళ్ళి పోపులపెట్టె వెనక్కి చెయ్యి పెట్టింది. చెప్పేసి, ఉన్నది చెరిసగం చేసుకుందామనుకుంది.

శ్రీవల్లి అప్పుడే ట్యూషన్ నుంచి వచ్చింది. "అమ్మా, మంచినీళ్ళు" అంది.

"ఫ్రిజ్జులో ఉన్నాయి, పోసుకో. మీ అమ్మనడిగితే వేడినీళ్ళిస్తుంది. బాలింతరాలు కదా" అన్నాడు అరుగు మీదనుంచి గురునాథరావు. చిటికెనవేలు ఇంకా టీలోనే ఉంది.

కామేశ్వరి పోపులపెట్టె వెనకనుంచి చెయ్యి తీసేసింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఫ్రిజ్జు సీసా తీసి మూతలో పోసుకుని ఒక్క గుక్క నోట్లో పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. జివ్వు వస్తుందని కాచుకుంది. పంటి మొదట్లో ఎక్కడో చిన్నగా నసిగింది, అంతే. చన్నీళ్ళు గొంతులోకి జారాయి. ఆవిడకి సీసా ఎత్తేసెయ్యాలనిపించింది. కానీ మూత పెట్టేసి లోపల పెట్టింది. సీసాడు నీళ్ళు తాగడం దాచుకుంది. దానికొక రోజుంది.

మే మొదటి ఆదివారానికి అర్జునరావు దంపతుల్ని భోజనానికి ఈసారి కామేశ్వరే పిలిచింది. గురునాథరావు "మొన్ననేగా వచ్చారు" అని గొణిగాడు. "తాటిముంజలు వచ్చాయండీ, పాపం వాళ్ళింట్లో ఫ్రిజ్జు లేదు" అంది.

భోజనాలయ్యాయి. తాటిముంజలు వచ్చాయి. గురునాథరావు ఒకటి తీసుకుని చేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ కబుర్లు మొదలుపెట్టాడు. తర్వాత కామేశ్వరి పళ్ళెంలో నిమ్మరసం గ్లాసులు తెచ్చింది. ఐసు ముక్కలు గ్లాసు అంచుదాకా తేలుతున్నాయి.

అర్జునరావు గ్లాసు అందుకుని చల్లగా నవ్వాడు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే, కపటం తెలియని మనిషి. "బావా, మొన్న ఐసు నవిలి సూపించావు గదా, మా ఇంటికెల్లి నాను సూపించబోతే పన్ను కదిలిపోయిందనుకో. ఏదీ, మళ్ళీ ఒకసారి సెయ్యి, ఎలగ సేత్తన్నావో సూత్తాను."

"ఇప్పుడెందుకులే బావా."

"చెయ్యండి, సరదాగా అడుగుతున్నారు" అంది కామేశ్వరి.

భ్రమరాంబ చూస్తోంది. శ్రీవల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గురునాథరావు గ్లాసులోంచి ఐసు ముక్క తీశాడు. మనసు గట్టిగా ఉంటే పళ్ళూ గట్టిగానే ఉంటాయని నెల కింద ఇదే కుర్చీలో కూర్చుని చెప్పిన మనిషి, ఇప్పుడు వెనక్కెలా తగ్గుతాడు? నోట్లో వేసుకున్నాడు. కొరికాడు.

"అమ్మా!"

ఐసు ముక్క ఒళ్ళో పడింది. గ్లాసు ఒరిగి నిమ్మరసం పంచె మీద ఒలికింది. రెండు చేతులతో దవడ పట్టుకుని ముందుకి వంగిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

"ఏమయిందండీ?" అంది కామేశ్వరి.

"జివ్వు... పళ్ళు జివ్వుమన్నాయే" అన్నాడు గురునాథరావు.

ఆ మాట ఆయన నోట వినడానికి కామేశ్వరి నెల్లాళ్ళు కాచుకుంది. విన్నాక మెల్లిగా అంది. "ఏం లేదండీ. అంతా మనసు. ఉప్పునీళ్ళు తెమ్మంటారా?"

అర్జునరావు నవ్వబోయి, ఎవరి మొహమూ నవ్వేలా లేకపోయేసరికి ఆపుకున్నాడు.

కామేశ్వరి ఫ్రిజ్జు తలుపు తీసింది. అడుగు అరలో అన్నిటికంటే వెనకున్న సీసా తీసింది. పైకి తీయగానే సీసా ఒళ్ళంతా చెమట పట్టింది. మూత తిప్పి, తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి గడగడా తాగింది. నీళ్ళు పళ్ళకి తగిలి, నాలిక మీదుగా గొంతులోకి, గొంతులోంచి గుండెల్లోకి దిగాయి. గడ్డం మీదుగా రెండు చుక్కలు జారి రవికె మీద పడ్డాయి. సగం సీసా అయ్యేదాకా ఆపలేదు.

"వదినా! పథ్యం అయిపోయిందా?" అంది భ్రమరాంబ ఆశ్చర్యంగా.

"అయిపోయిందమ్మా, ఇవాళ్టితో" అంది కామేశ్వరి, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

గురునాథరావు దవడ మీంచి చేతులు తీయకుండానే భార్య వైపు చూశాడు. సీసా వైపు చూశాడు. మళ్ళీ భార్య వైపు చూశాడు.

అర్జునరావు దంపతులు వీధి మలుపు తిరగ్గానే ఆయన స్నానాలగదిలోకి వెళ్ళాడు. రేకు పెట్టె మూత చప్పుడైంది. కాసేపటికి ట్యూబు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. క్లిప్పు తీసి ఉంది. అరచేతిలో తెల్లముద్ద ఉంది. దాన్ని వాసన చూసి, నాలిక కొసతో నాకి, "ఇది పళ్ళపొడే" అన్నాడు. అరవలేదు. అరవడానికి నోరు సహకరించడం లేదు.

"అవునండీ. మన పళ్ళపొడే. నేను రెండేళ్ళుగా తోముకుంటున్నది. దాన్లో తప్పేముంది?"

"ఎప్పట్నుంచి?"

"నా చీటీ మీ పెట్టెలో దొరికినప్పట్నుంచి."

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. "ఫిబ్రవరిలో నీకోసమే కొన్నానే. ఒట్టు. బెర్తు మీద సోడా తాగితే నాకూ లాగింది. ఒకసారి రాసి చూద్దామనుకున్నాను. బాగుంది. ఇంక... ఇద్దరం వాడితే నెలకి రెండు ట్యూబులు అవుతాయని..." గాలి పళ్ళకి తగిలినట్టుంది, పెదాలు మూసుకున్నాడు.

అది నిజమే అయ్యుంటుందని కామేశ్వరికి అనిపించింది. నిజమైతే మాత్రం ఇంకా కోపం వచ్చింది. ఒకసారి రాసి చూసి బాగుందని తెలిసినవాడు, రోజూ ఎదురుగా కూర్చుని వేడినీళ్ళు తాగే మనిషిని చూస్తూ పరాచికం ఎలా ఆడాడు?

"అసలుది ఉందా?" అని అడిగాడు చివరికి. అడిగిన తీరు చూస్తే ఆయన కాదు, ఆయన పళ్ళు అడిగినట్టుంది.

కామేశ్వరి పోపులపెట్టె వెనకనుంచి ఇంగువ డబ్బా తీసి చేతికిచ్చింది. ఆయన ఆత్రంగా మూత తీశాడు. లోపల రేకు మెరుస్తోంది. అడుగూ అంచులూ మూలలూ శుభ్రంగా ఉన్నాయి.

"పొద్దున్నే అయిపోయిందండీ. వృథా చెయ్యలేదు. అడుగు గీకి మరీ తోముకున్నాను, మీరు నేర్పినట్టే."

గురునాథరావు డబ్బాకి మళ్ళీ మూత పెట్టాడు. "రేపు చెరొకటి కొందాం" అన్నాడు, కిందికి చూస్తూ.

కామేశ్వరి పొయ్యి వెలిగించి చెంబుతో నీళ్ళు పెట్టింది. ఆవిరి రాగానే దించి, స్టీలు గ్లాసులో సగం పోసి, మిగతా సగం పంపునీళ్ళు కలిపింది. చిటికెనవేలు ముంచి చూసింది. ఇంకొంచెం వేడి కలిపి మళ్ళీ ముంచి చూసింది. సరిపోయాక ఆ గ్లాసు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"చూద్దాం లెండి" అంది.

ఆయన గ్లాసు ఎత్తాడు. కామేశ్వరి ఫ్రిజ్జు దగ్గరికి వెళ్ళి మిగిలిన సగం సీసా తీసుకుని, ఆయనకెదురుగా కూర్చుని తాగడం మొదలుపెట్టింది.